మునిగిన యుద్ధనౌకల సోనార్ చిత్రణ: ఏ పనికి ఏ పరికరం ఎంచుకోవాలి?

విశాఖపట్నం తీరానికి ఆవల, బంగాళాఖాతం అడుగున, రెండు వేర్వేరు యుద్ధాల నాటి రెండు జలాంతర్గాములు పడి ఉన్నాయి. మొదటిది, మిత్రరాజ్యాల సరకు నౌకల బృందంపై దాడికి వచ్చి, 1944 ఫిబ్రవరి 11న నాటి బ్రిటిష్ ఇండియా నౌక హెచ్‌ఎంఐఎస్ జమ్నా, ఆస్ట్రేలియా నౌకలైన లాన్సెస్టన్, ఇప్స్‌విచ్‌ల ఎదురుదాడిలో మునిగిపోయిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110. రెండవది, 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి తొంభై మందికి పైగా సిబ్బందితో సహా మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. ప్రమాదానికి గురైన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు భారత నౌకాదళం కొనుగోలు చేసిన డీఎస్‌ఆర్‌వీ అనే లోతునీటి వాహనం ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్తలు వెలువడ్డాయి.

ఇటువంటి శిథిలాన్ని చిత్రించదలచిన సర్వే బృందానికి గానీ, సముద్ర పురావస్తు విద్యార్థులకు గానీ, మ్యూజియం నిర్వాహకులకు గానీ మార్కెట్లో, శబ్దాన్ని పంపి దాని ప్రతిధ్వనితో నీటి అడుగును చూపే సోనార్ పరికరాలు నాలుగైదు రకాలు ఎదురవుతాయి. అన్నింటి ప్రచార పత్రాల మీదా మునిగిన ఓడ బొమ్మే ఉంటుంది, అన్ని బొమ్మలూ అందంగానే ఉంటాయి. ఆ అందాన్ని చూసి పరికరాన్ని ఎంచుకోవడం ఈ పనిలో అన్నింటికంటే ఖరీదైన పొరపాటు అని నా దృఢమైన అభిప్రాయం. ఎంపికకు ముందు తేల్చుకోవలసిన విషయం, మనకు కావలసిన జవాబు ఏమిటన్నదే. ఓడ ఎక్కడ ఉందో కనిపెట్టాలా, దొరికినది ఏ ఓడో నిర్ధారించాలా, లేక ఎప్పుడో గుర్తించిన ఓడ ఏటేటా ఎలా కుంగిపోతోందో కొలవాలా? ఈ మూడింటినీ ఒకే పరికరం సమానంగా చేయలేదు. లోతు, ఖర్చు, వాతావరణం, అనుమతులు అన్నీ దీని తరువాత వేసుకోవలసిన లెక్కలు.

ఫ్రీక్వెన్సీ దగ్గరే మొదలయ్యే రాజీ

గోదావరి, కృష్ణా, మహానది మోసుకొచ్చే ఒండ్రు వల్ల మన తీరం దగ్గరి నీటిలో కెమెరాకు చాలాసార్లు రెండు మూడు మీటర్ల దూరం కూడా కనిపించదు. వెలుతురు ఆగిపోయిన చోట కూడా శబ్దం ప్రయాణిస్తుంది, సముద్రజలంలో దాని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. అయితే శబ్దంతో బొమ్మ తీసేటప్పుడు సూక్ష్మతకూ దూరానికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం ఒకటిన్నర సెంటీమీటర్లు, 400 కిలోహెర్ట్జ్ దగ్గర నాలుగు మిల్లీమీటర్ల లోపు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వివరం పెరుగుతుంది, కానీ నీరు ఆ శబ్దాన్ని అంత వేగంగా పీల్చేస్తుంది. అందుకే 100 కిలోహెర్ట్జ్ సోనార్ ఒక్కో పక్కన కొన్ని వందల మీటర్ల మేర చూడగలిగితే, 900 కిలోహెర్ట్జ్ సోనార్ యాభై, అరవై మీటర్లు దాటి చూడలేదు. కింద చెప్పబోయే పరికరాలన్నీ ఈ రాజీని తలా ఒక విధంగా కుదుర్చుకున్నవే.

సైడ్‌స్కాన్: వెతకడానికి దీనికి సాటి లేదు

సైడ్‌స్కాన్ సోనార్‌లో, ఓడ వెనుక కేబుల్‌కు కట్టి లాగే టోఫిష్ అనే చిన్న గొట్టంలాంటి పరికరం సముద్రపు అడుగుకు కొద్ది మీటర్ల ఎత్తులో ప్రయాణిస్తూ, తన రెండు పక్కలకూ సన్నని విసనకర్ర ఆకారంలో శబ్దాన్ని పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనుల బలాన్ని వరుస వరుసగా పేర్చి బొమ్మగా చూపుతుంది. సాయంకాలపు ఏటవాలు ఎండలో నేల మీది చిన్న రాయి కూడా పొడవైన నీడ వేసినట్లే, అడుగుకు దగ్గరగా, పక్క నుంచి వచ్చే ఈ శబ్దం కూడా ఓడ వెనుక నీడను పరుస్తుంది. అనుభవం ఉన్న సర్వేయరు ముందుగా చూసేది ఓడను కాదు, ఆ నీడను. ఓడ మీది ఉక్కు నుంచి వచ్చే ప్రతిధ్వని చాలాసార్లు ఒక తెల్లటి మరకలా కలిసిపోతుంది. తెరస్తంభం, తుపాకీ గొట్టం, జలాంతర్గామి పైభాగాన నిలిచే కన్నింగ్ టవర్ వంటివాటి ఆకారం మాత్రం నీడలోనే విడిగా తెలుస్తుంది.

ఎత్తును కూడా నీడతోనే లెక్కగట్టవచ్చు. నీడ పొడవును టోఫిష్ ఎత్తుతో గుణించి, టోఫిష్ నుంచి నీడ చివరి వరకు ఉన్న దూరంతో భాగిస్తే, ఆ వస్తువు ఎత్తు వస్తుంది. టోఫిష్ అడుగుకు 10 మీటర్ల ఎత్తున ఉండి, నీడ 24 మీటర్ల పొడవున పడి, దాని చివర టోఫిష్‌కు 60 మీటర్ల దూరంలో ఉంటే, వస్తువు ఎత్తు 4 మీటర్లు. సముద్రపు అడుగు సమతలంగా ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుందని మరచిపోకూడదు.

ఇప్పుడు ఘాజీ కొలతలు తీసుకుందాం. అమెరికా నౌకాదళంలో డయాబ్లో అనే పేరుతో పుట్టిన ఆ జలాంతర్గామి పొడవు 95 మీటర్లు, వెడల్పు ఎనిమిది మీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ పరిమాణం కళ్లకు కట్టాలంటే విశాఖ ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసుర పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిస్తే చాలు, దాని పొడవు 91.3 మీటర్లు. 100 కిలోహెర్ట్జ్ సైడ్‌స్కాన్‌లో శబ్దపు పాయ (బీమ్) వెడల్పు ఒక డిగ్రీ అనుకుంటే, 300 మీటర్ల దూరంలో ఆ పాయ అయిదు మీటర్లకు పైగా విచ్చుకుంటుంది. అంటే 95 మీటర్ల జలాంతర్గామి పొడవు మొత్తం బొమ్మలో పద్దెనిమిది గీతల్లో ఇమిడిపోతుంది. అక్కడ ఏదో పొడవైన గట్టి వస్తువు ఉందని తెలుస్తుందే గాని, అది జలాంతర్గామా, సరకు పడవా అని చెప్పే వీలుండదు. అదే ఓడను 75 మీటర్ల దూరం నుంచి, 0.4 డిగ్రీల పాయ గల 400 కిలోహెర్ట్జ్ సోనార్‌తో చూస్తే పాయ వెడల్పు అర మీటరుకు తగ్గుతుంది, పొడవు వెంట నూట ఎనభై గీతలు దొరుకుతాయి, కన్నింగ్ టవర్ నీడ గుర్తుపట్టగలిగినంత స్పష్టంగా వస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకే టోఫిష్‌లో ఉన్న నమూనాలు ఇప్పుడు మామూలుగానే దొరుకుతున్నాయి. కొనదలచినవారైనా, అద్దెకు తీసుకోదలచినవారైనా అటువంటిదే అడగాలని నా సలహా. తక్కువ ఫ్రీక్వెన్సీతో వెతికి, అనుమానం తగిలిన చోటికి ఎక్కువ ఫ్రీక్వెన్సీతో తిరిగి రావడం ఈ పనికి స్థిరపడిన పద్ధతి.

ఆ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్లగలదో ఆస్ట్రేలియా నౌక హెచ్‌ఎంఏఎస్ సిడ్నీ అన్వేషణ చూపింది. 1941 నవంబరు 19న సరకు నౌక వేషంలో దాడులు చేసే జర్మన్ రెయిడర్ కోర్మొరాన్‌తో జరిగిన పోరులో సిడ్నీ 645 మందితో సహా మునిగిపోయింది, ఒక్కరూ బతకలేదు. కోర్మొరాన్ సిబ్బందిలో చాలామంది బతికి బయటపడ్డారు గనుక, ఆ పోరు జరిగిన చోటు గురించి మిగిలినవి వారి వాంగ్మూలాలే. అన్వేషకుడు డేవిడ్ మెర్న్స్ అందుకే ముందుగా కోర్మొరాన్‌ను వెతకాలని నిర్ణయించుకున్నారు. లోతున లాగే, విశాలంగా చూడగల సైడ్‌స్కాన్ సోనార్‌తో 2008 మార్చి 12న కోర్మొరాన్, నాలుగు రోజుల తరువాత సిడ్నీ కనబడ్డాయి. సిడ్నీ ఉన్న లోతు దాదాపు 2,470 మీటర్లు. సోనార్ కనిపెట్టింది, ఆ తరువాత, పైనుంచి కేబుల్‌తో నడిపే, కెమెరా ఉన్న ఆర్‌ఓవీ వాహనం దిగి నిర్ధారించింది. ఈ వరుసను తలకిందులు చేయబోయేవారు డబ్బుకూ కాలానికీ నష్టపోతారు.

సైడ్‌స్కాన్ లోపాలు కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. టోఫిష్‌కు సరిగ్గా కింద ఉన్న పట్టీ బొమ్మలో దాదాపు ఖాళీగా ఉంటుంది కాబట్టి శిథిలం మీదుగా పోకూడదు. సోనార్ ఒక్కో పక్క చూడగల దూరంలో మూడో వంతుకూ సగానికీ మధ్య శిథిలం పడేలా, ఓడ పొడవుకు సమాంతరంగా, రెండు వైపుల నుంచీ పోవాలి. లాగే వేగం నాలుగు నాట్లు (ఓడల వేగానికి వాడే కొలత) దాటితే గీతల మధ్య ఎడం పెరిగి చిన్న వివరాలు జారిపోతాయి. వందల మీటర్ల కేబుల్ చివర టోఫిష్ అసలు ఎక్కడుందో తెలియాలంటే యూఎస్‌బీఎల్ వంటి ధ్వని స్థాననిర్ణయ పరికరం కావాలి, అది లేకపోతే శిథిలం స్థానంలో పదుల మీటర్ల తేడా రావచ్చు. ఎగుడుదిగుడు అడుగు మీద నీడలన్నీ కలగలిసిపోతాయి. 1943 మే 14న టార్పెడో దెబ్బకు మునిగిన ఆస్ట్రేలియా ఆసుపత్రి నౌక సెంటార్ 2009 డిసెంబరులో దొరికినప్పుడు, రెండు వేల మీటర్లకు పైబడిన లోతులో నిటారు గోడల ఇరుకు లోయలో ఉంది. అటువంటి చోట సోనార్ మరకలను చదవడానికి యంత్రం కంటే మనిషి ఓపికే ఎక్కువగా పనికొస్తుంది.

మల్టీబీమ్: బొమ్మ కాదు, కొలత కావలసినప్పుడు

మల్టీబీమ్ ఎకోసౌండర్ సాధారణంగా సర్వే పడవ అడుగునో, పక్కన దింపిన స్తంభానికో బిగించి ఉంటుంది. ఒక్కసారి శబ్దం పంపితే కొన్ని వందల సన్నని పాయల్లో తిరిగివచ్చే ప్రతిధ్వనుల నుంచి అన్ని లోతులను ఒకేసారి కొలుస్తుంది. ఫలితంగా వచ్చేది అక్షాంశ, రేఖాంశ, లోతులతో కూడిన బిందువుల సమూహం. దాన్ని కంప్యూటర్‌లో ఎటైనా తిప్పి చూడవచ్చు, పొడవు, వెడల్పు, వంపు కొలవవచ్చు, వచ్చే ఏడాది తీసిన సమూహంలోంచి తీసివేసి తేడా లెక్కించవచ్చు. ఈ చివరి సౌకర్యం సైడ్‌స్కాన్‌కు లేదు.

ఏ ఓడో తేల్చడానికి ఇది ఎంత ఉపయోగపడుతుందో బ్రిటన్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయం ఐరిష్ సముద్రంలో చేసిన పని రుజువు చేసింది. ప్రిన్స్ మడాగ్ అనే పరిశోధక నౌక నుంచి అక్కడి 273 శిథిలాలను మల్టీబీమ్‌తో కొలిచి, ఆ కొలతలను పాత నౌకా దస్తావేజులతో పోల్చి చూశారు. 1912లో టైటానిక్‌కు మంచుకొండల గురించి హెచ్చరిక పంపి, 1918లో జర్మన్ టార్పెడోకు మునిగిన మెసాబా నౌకను 2022లో గుర్తించింది ఈ పద్ధతిలోనే. విశాఖ దగ్గర ఇదే పద్ధతిని ఊహించుకుంటే లెక్క మరింత సులువు. ఘాజీ పొడవు 95 మీటర్లు, ఆర్‌ఓ-110 పొడవు దాదాపు 61 మీటర్లు. ముక్కలు కాకుండా ఉన్న శిథిలాన్ని అర మీటరు సూక్ష్మతతో కొలిస్తే ఈ రెండింటి మధ్య గందరగోళానికి తావే ఉండదు.

మార్పును కనిపెట్టే పనిలో స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో మంచి పాఠశాల. 1919 జూన్ 21న జర్మన్ నౌకాదళం అక్కడ తన ఓడలను తానే ముంచుకుంది. నిర్బంధంలో ఉన్న 74 ఓడల్లో 52 మునిగాయి. చాలావాటిని ఆ తరువాత పైకి తీసి ఇనుముగా అమ్మగా, మూడు పెద్ద యుద్ధనౌకలూ నాలుగు తేలిక క్రూయిజర్లూ ఇంకా అడుగునే ఉన్నాయి. ఈ శతాబ్దం మొదటి నుంచీ వాటిని మల్టీబీమ్‌తో మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు. అదే ఖాతంలో 1939 అక్టోబరు 14న మునిగి 835 మందిని బలిగొన్న బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్‌లో ఇంధన నూనె మిగిలి ఉండటంతో, ఆ ఓడ దేహం స్థితిని కొలవడం కేవలం చరిత్ర పని కాకుండా పర్యావరణ అవసరంగా కూడా మారింది. థేమ్స్ నది ముఖద్వారంలో 1944 ఆగస్టు నుంచి సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలతో పడి ఉన్న రిచర్డ్ మాంట్‌గోమరీ సరకు నౌకను బ్రిటిష్ సముద్ర భద్రతా సంస్థ క్రమం తప్పకుండా సర్వే చేయిస్తూ, ఓడ పగుళ్లు ఎంత విచ్చుకున్నాయో పోల్చి చూస్తోంది. తాకకుండా కొలవవలసిన ఓడకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జావా సముద్రం చెప్పిన పాఠం వీటన్నింటికంటే బాధాకరమైనది. 1942 ఫిబ్రవరి 27 నాటి పోరులో మునిగిన డచ్ నౌకలు డి రాయ్‌టర్, జావా, కోర్టెనార్ శిథిలాలను ఈ శతాబ్దం తొలి సంవత్సరాల్లో గుర్తించారు. 75వ వార్షికోత్సవానికి సన్నాహంగా 2016లో మళ్లీ వెళ్లిన బృందానికి మొదటి రెండు ఓడలు పూర్తిగానూ, మూడవదానిలో పెద్ద భాగమూ కనిపించలేదు. ఇనుము దొంగలు వందలాది నావికుల సమాధులను ముక్కలు చేసి ఎత్తుకుపోయారు. మల్టీబీమ్ చిత్రంలో మిగిలింది, ఓడల ఆకారంలో సముద్రపు అడుగున పడిన గుంతలే. ఆ ఓడలు చెక్కుచెదరకుండా ఉన్నప్పటి నుంచే ఏటా కొలతలు తీసి ఉంటే దోపిడీ మొదలైన నాడే తెలిసేది. అందుకే, స్థానం తెలిసిన శిథిలానికి ఒకే ఒక్క సర్వేకు డబ్బు ఉందంటే, నేను మరో ఆలోచన లేకుండా మల్టీబీమ్‌నే సూచిస్తాను. తరువాతి తరం పోల్చుకోవడానికి ఒక మొదటి కొలత మిగులుతుంది.

దీనికి ఉన్న పెద్ద పరిమితి లోతు. ఒక డిగ్రీ పాయ 50 మీటర్ల లోతులో అడుగున 90 సెంటీమీటర్ల మచ్చగా పడుతుంది, 4,000 మీటర్ల లోతులో అదే పాయ 70 మీటర్ల మచ్చ అవుతుంది. కాబట్టి మహాసముద్రపు లోతుల్లో ఓడకు బిగించిన మల్టీబీమ్‌కు యుద్ధనౌక ఒక చిన్న గడ్డలా కనబడితే అదే గొప్ప. తీరప్రాంతంలో వంద మీటర్ల లోపు లోతున్నచోట, అర డిగ్రీ పాయ గల 400 కిలోహెర్ట్జ్ నమూనా తీసుకుంటేనే శిథిలానికి న్యాయం జరుగుతుంది.

రెండవ సమస్య సమాచారాన్ని శుభ్రపరిచే దశలో వస్తుంది, దీని గురించి విక్రేతలు చెప్పరు. మల్టీబీమ్ సాఫ్ట్‌వేర్‌లు సమతలమైన సముద్రపు అడుగు కోసం రాసినవి. అడుగు నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తున విడిగా నిలిచిన కొన్ని బిందువులు కనబడితే, వాటిని చేపల గుంపుగానో, అనవసరపు ప్రతిధ్వనులుగానో భావించి చెరిపేస్తాయి. అలా చెరిగిపోయేవి తెరస్తంభాలు, ఏంటెన్నాలు, పెరిస్కోపులు. ఓడను గుర్తుపట్టడానికి అత్యంత అవసరమైనవీ, నౌకాయానానికి అత్యంత ప్రమాదకరమైనవీ అవే. కాబట్టి పడవకూ అడుగుకూ మధ్యనున్న నీటిలోంచి వచ్చే ప్రతిధ్వనులను కూడా నమోదు చేసే నమూనా ఎంచుకోవాలి, స్వయంచాలక వడపోతను శిథిలం మీద నిలిపివేసి చేత్తో ఏరాలి.

మూడవది మన సముద్రానికి ప్రత్యేకమైనది. వర్షాకాలం తరువాత బంగాళాఖాతం పైపొర నదుల మంచినీటితో పలచబడుతుంది. లవణీయత వెయ్యికి 34 నుంచి 28కి పడితే శబ్దవేగం సెకనుకు సుమారు 6 మీటర్లు తగ్గుతుంది, కింది ఉప్పునీటి పొరను చేరగానే శబ్దపు పాయ వంగుతుంది. ఆ వంపును సరిదిద్దకపోతే బయటి పాయలు కొలిచిన లోతులు తప్పి, చదునైన అడుగు రెండు చివరలా పైకి లేచినట్లో కిందికి వాలినట్లో కనిపిస్తుంది. ఇక్కడ పనిచేసేవారు శబ్దవేగ పరిచ్ఛేదాన్ని, అంటే లోతును బట్టి శబ్దవేగం ఎలా మారుతోందో చూపే కొలతను, రోజుకు ఒకసారి తీసి సరిపెట్టుకోరాదు, రెండు మూడు గంటలకు ఒకసారి తీయాలి. సముద్రం శాంతంగా ఉండి, పైపొర తిరిగి ఉప్పదేరే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి అనువైనవి.

సింథటిక్ అపర్చర్: డబ్బున్నవారి ఆయుధం, అవసరమైనప్పుడే

సైడ్‌స్కాన్‌లో దూరం పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుందని పైన చూశాం. సింథటిక్ అపర్చర్ సోనార్, వాహనం ముందుకు కదులుతుండగా ఒకే చోటును అనేకసార్లు విని, ఆ ప్రతిధ్వనులన్నింటినీ గణితంతో కలిపి, అసలు లేని ఒక పొడవైన ఏంటెన్నాను సృష్టించుకుంటుంది. దానివల్ల దగ్గరా దూరమూ అన్న తేడా లేకుండా, ఒక్కో పక్క నూట యాభై మీటర్ల దాకా కొద్ది సెంటీమీటర్ల సూక్ష్మత నిలబడుతుంది. నార్వేలోని హోర్టెన్ రేవు దగ్గర 1944 డిసెంబరు 28న బ్రిటిష్ బాంబులకు మునిగిన జర్మన్ జలాంతర్గామి యూ-735ను హుగిన్ అనే స్వయంచాలిత వాహనం నుంచి తీసిన ఈ రకం చిత్రాల్లో, దాదాపు రెండు వందల మీటర్ల లోతున ఉన్న ఓడ ఆకారం ఫొటోకు దగ్గరగా వచ్చింది.

అయితే ఈ గణితం ఫలించాలంటే వాహనం తన స్థానాన్ని తరంగదైర్ఘ్యంలో చిన్న భాగం మేర కచ్చితంగా తెలుసుకుంటూ, తిన్నగా, కుదుపు లేకుండా పోవాలి. అలలకు ఊగే చిన్న పడవ కింద ఇది పనిచేయదు. ఏయూవీ అనే స్వయంచాలిత జలాంతర వాహనమో, చాలా స్థిరమైన ప్రత్యేక టోఫిష్షో కావాలి, దాన్ని నడిపే నిపుణులూ కావాలి. సముద్రపు అడుగున వందల కొద్దీ చెల్లాచెదురైన మందుగుండునూ, శిథిలాలనూ ఒక్కొక్కటిగా లెక్కించవలసి వస్తే ఆ ఖర్చు న్యాయమైనదే. ఒకే ఓడను నమోదు చేయడానికైతే మల్టీబీమ్, దగ్గరి నుంచి తీసిన 900 కిలోహెర్ట్జ్ సైడ్‌స్కాన్ కలిసి దాదాపు అదే పనిని చాలా తక్కువ ఖర్చుతో చేసిపెడతాయి.

నాలుగు, అయిదు వేల మీటర్ల లోతుల్లో పరిస్థితి వేరు. అక్కడ ఏ సోనార్ అన్న ప్రశ్న కంటే, దాన్ని అడుగు దాకా మోసుకెళ్లేది ఏది అన్నదే ముఖ్యం. 1945 జూలై 30న మునిగిన అమెరికా క్రూయిజర్ ఇండియానాపొలిస్‌ను 2017 ఆగస్టులో సుమారు 5,500 మీటర్ల లోతున కనుగొన్నది, పెట్రెల్ అనే నౌక నుంచి ఆ లోతు దాకా దిగగల వాహనాలతో పనిచేసిన బృందమే. ఫిలిప్పీన్స్ సముద్రంలో సుమారు 6,900 మీటర్ల లోతున ఉన్న అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ 2022లో దొరికింది, మనుషులు దిగే వాహనానికే సైడ్‌స్కాన్ బిగించడం వల్ల.

దగ్గరి చూపుకు 3డీ స్కానర్లు, చిన్న పడవలకు చేపల సోనార్లు

ముక్కాలిపీట మీద నిలబెట్టో, ఆర్‌ఓవీకి బిగించో వాడే 3డీ స్కానింగ్ సోనార్‌లు ఒక మెగాహెర్ట్జ్‌కు పైబడిన ఫ్రీక్వెన్సీలో, ముప్పై మీటర్ల లోపు దూరాన్ని అన్ని వైపులా తిరిగి స్కాన్ చేస్తాయి. పైనుంచి చూసే మల్టీబీమ్‌కు కనబడని ఓడ దేహపు పక్కభాగాలు, డెక్కు కింది ఖాళీలు వీటికి చిక్కుతాయి. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జనవరి 11న మునిగి, టెక్సాస్ తీరానికి ఆవల బురదనీటిలో ఉన్న హట్టరాస్ నౌకను 2012లో ఈ పద్ధతిలోనే, గజ ఈతగాళ్ల కళ్లకు ఏమీ కనబడని స్థితిలో కూడా, చిత్రించారు. ఆ శిథిలం పద్దెనిమిది మీటర్ల లోపు లోతున ఉండటం వారికి కలిసివచ్చింది. ముక్కాలిపీటను శిథిలం పక్కనే దించవలసి ఉంటుంది కాబట్టి, యుద్ధసమాధుల దగ్గరా, పేలని మందుగుండు ఉన్నచోటా దీనిని నేను సిఫార్సు చేయను.

చేపల వేట కోసం అమ్మే హమ్మిన్‌బర్డ్, గార్మిన్, లోరెన్స్ వంటి సోనార్లలోనూ ఇప్పుడు పక్కలకు చూసే సౌకర్యం ఉంది. ఇరవై మీటర్ల లోపు నీటిలో, చెరువుల్లో, జలాశయాల్లో విద్యార్థులు సోనార్ చదవడం నేర్చుకోవడానికి ఇవి చాలా మంచివి. వీటిలో శబ్దాన్ని పంపి, తిరిగి వినే భాగమైన ట్రాన్స్‌డ్యూసర్ పడవకే అతుక్కుని ఉంటుంది గనుక, లోతు పెరిగేకొద్దీ శబ్దం నిటారుగా పడి నీడలు కుంచించుకుపోతాయి. టోఫిష్‌ను చూపు దూరంలో పది నుంచి ఇరవై శాతం ఎత్తులో ఉంచాలన్న నియమం యాభై మీటర్ల లోతులో వీటికి అసాధ్యం. ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టే మ్యాగ్నెటోమీటర్ సోనార్ కాకపోయినా, ఇసుకలో కూరుకుపోయిన ఉక్కును కూడా కనిపెట్టగలదు కాబట్టి, వెతుకులాట దశలో సైడ్‌స్కాన్ వెంట దానిని కూడా లాగడం తెలివైన పని.

సోనార్ చెప్పలేనిది

ఘాజీ ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాల కథనాలు భిన్నమైనవి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌లే (నీటి లోతున పేలే బాంబులే) కారణమని భారత నౌకాదళం చెబుతుంది, తన సొంత మందుపాతరలో గాని లోపలి పేలుడులో గాని నాశనమైందని పాకిస్తాన్ పక్షం అంటుంది. సోనార్ చిత్రం వస్తే ఈ వివాదం తేలిపోతుందని ఆశించేవారు ఉన్నారు. ఓడ దేహం ఎక్కడ చీలిందో, చీలిక ఎంత పొడవుందో మల్టీబీమ్ చెప్పగలదు. ఆ చీలిక అంచున రేకు లోపలికి వంగిందా, బయటికి విచ్చుకుందా అన్నది సెంటీమీటర్లలో ఉండే వివరం, అర మీటరు బిందువులకు అది అందదు. దానికి కెమెరా దగ్గరికి పోవాలి. వంగిన రేకు కనబడినా, దశాబ్దాల తుప్పు, చేపల వలల లాగుడు, మొదటి పేలుడు వెంట జరిగి ఉండగల రెండవ పేలుడు వంటివన్నీ లెక్కలోకి తీసుకోవలసిందే. కారణ నిర్ధారణ కోసం సోనార్ సర్వే చేయించదలచినవారు ఆ డబ్బును ఆర్‌ఓవీకి కేటాయించడం మేలు.

అనుమతులు, ఒప్పందంలో రాయించుకోవలసినవి

మునిగిన యుద్ధనౌక కాలం గడిచినంత మాత్రాన అనాథ ఆస్తి కాదు. బ్రిటన్ 1986లోనూ, అమెరికా 2004లోనూ తమ సైనిక శిథిలాల రక్షణకు ప్రత్యేక చట్టాలు చేశాయి. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రమైన విశాఖ చుట్టుపక్కల ఏ సర్వేనైనా నౌకాదళం అనుమతి లేకుండా తలపెట్టనే రాదు. 1971 డిసెంబరు 9న డయ్యూకు ఆవల కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో, మరో 193 మందితో కలిసి మునిగిపోయిన ఐఎన్ఎస్ ఖుక్రీ మనకు ఎటువంటిదో, ఘాజీ అవతలి కుటుంబాలకు అటువంటిదే. ఆ గౌరవంతోనే పరికరాన్ని కూడా ఎంచుకోవాలి. శిథిలానికి తగిలే ప్రమాదం ఉన్న, లోతున లాగే టోఫిష్ కంటే, పడవకు బిగించిన మల్టీబీమ్ మొదటి సర్వేకు సురక్షితం. టోఫిష్‌ను దించవలసి వస్తే, శిథిలం మీద నిలిచి ఉన్న ఎత్తును మల్టీబీమ్‌తో ముందు కొలిచి, దానికి తగినంత ఎడం ఉంచి లాగాలి. పాత వలలు చిక్కుకున్న శిథిలాల దగ్గర ఈ వరుస మరింత అవసరం.

సర్వే సంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడు రంగుల బొమ్మలతో తృప్తిపడకుండా, సోనార్ నమోదు చేసిన ముడి ఫైళ్లు, శబ్దవేగ పరిచ్ఛేదాలు, సోనార్ బిగింపు కోణాల్లోని తేడాలను సరిచూసేందుకు మొదటి రోజు చేసిన ప్యాచ్ టెస్ట్ ఫలితాలు, ఖాళీలను సాఫ్ట్‌వేర్ పూడ్చకముందు ఉన్న బిందు సమూహం ఇవ్వాలని రాతపూర్వకంగా అడగాలి. అయిదేళ్ల తరువాత ఇంకో సంస్థ తీసిన కొలతతో పోల్చాలంటే ఇవి లేకుండా కుదరదు. శిథిలం అక్షాంశ రేఖాంశాలను మాత్రం నివేదిక నుంచి వేరుచేసి, అనుమతి ఇచ్చిన అధికారులకు మాత్రమే అందజేయాలనీ, బహిరంగంగా ఉంచే పటాల్లో, బొమ్మల ఫైళ్లలో దాగి ఉండే స్థాన వివరాల్లో కూడా అవి కనబడకూడదనీ అదే ఒప్పందంలో చేర్చాలి.